పేదరికం ఉంటే తల్లి లేనట్టేనా?

ముందుగా నా తప్పొకటి ఒప్పుకుని ఈ వారం మాటలు మొదలుపెడతాను.

మా చిన్నాడపడుచుకు పెళ్ళయి పదకొండేళ్ళు. ఎక్కని ఆస్పత్రి మెట్లు లేవు, మొక్కని దేవుడు లేడు. చివరికి భార్యాభర్తలిద్దరూ దత్తతకు పేరు నమోదు చేయించుకున్నారు. వరుస రావాలంటే ఏళ్ళు పడుతుందన్నారట. కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో నా పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "వదినా, మీ కొండాపూర్ చుట్టుపక్కల తండాలున్నాయి కదా. ఆడపిల్లని వద్దనుకునే వాళ్ళెవరైనా ఉంటే కాస్త కనుక్కోకూడదూ? ఆ బిడ్డకూ ఒక బతుకు ఇచ్చినట్టవుతుంది."

నాకు అందులో తప్పేమీ కనపడలేదు. పైగా పుణ్యమే అనిపించింది. మర్నాడు మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను అడిగాను. ఆమె లంబాడా. భర్త పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. నాలుగేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. మా పిల్లల పుట్టినరోజులు నాకంటే ఆమెకే బాగా గుర్తు.

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "మీరు గూడ గిట్లనే అడుగుతరా అమ్మా?" అంది. ఇంకేమీ అనలేదు. పనంతా ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెరటి గడప దగ్గర కూర్చుని అప్పుడు చెప్పింది.

"మా యాడికి మేం నలుగురం ఆడపిల్లలమే. నాలుగోది పుట్టినప్పుడు నాకు పదేండ్లు. ఆ ఏడు కాలం లేదు, మీదికెళ్ళి అప్పులు. ఒకామె వచ్చింది. పిల్లను మంచిగ సాదుతరు, సదివిస్తరు, మీకు ఎప్పుడు బుద్ధయితె అప్పుడు వచ్చి సూసుకోవచ్చు అన్నది. మా బాపు ఏలిముద్ర ఏసిండు. పైసలు ఎన్నిచ్చిన్రో నాకు ఎరుకలేదు గని, ఇంట్లకు జొన్నలు మాత్రం వచ్చినయి. నెల దాటినంక సూద్దామని పోతె, పిల్ల ఈడ లేదు పొండి అన్నరు. గిప్పటికీ తీజ్ వస్తె మా యాడి ఒక పిడికెడు గోధుమలు ఎక్కువ నానబెడ్తది. ఎవరికోసమే అంటె చెప్పదు."

యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. తీజ్ అంటే శ్రావణంలో వచ్చే పెళ్ళికాని ఆడపిల్లల పండగ. బుట్టల్లో మట్టి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు ఆడపిల్లలు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే తండాకు అంత శుభం. ఆ బుట్టల వరుసలో ఒక పిల్ల లేదు. ఉందో లేదో, ఏ దేశంలో ఉందో, ఏ పేరుతో ఉందో ఆ తల్లికి తెలియదు.

ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు.

ఒక్క ఇంటి కథ కాదు

కొంచెం పెద్దవాళ్ళకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో వారాల తరబడి వచ్చిన వార్త ఇది. తెలంగాణ తండాల నుంచి నెలల పసికందులను, అందులోనూ ఎక్కువగా లంబాడా ఆడపిల్లలను, మధ్యవర్తులు తెచ్చి హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలకు చేర్చారు. అక్కడినుంచి ఆ పిల్లలు విదేశాలకు వెళ్ళారు. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, చందంపేట వైపు తండాల పేర్లు అప్పుడు బాగా వినపడ్డాయి. తల్లిదండ్రుల చేతిలో పడింది కొన్ని వందలో, కొద్ది వేలో రూపాయలు. అవతల చేతులు మారినవి వేల డాలర్లు. మధ్యలో కాగితాలు మాత్రం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తల్లిదండ్రులు ఇష్టపడి వదులుకున్నట్టు రాసి, కింద వేలిముద్ర.

నిజానికి విదేశీ దత్తతల విషయంలో జాగ్రత్తలన్నీ సుప్రీంకోర్టు 1984లోనే, లక్ష్మీకాంత్ పాండే కేసులో చెప్పింది. ముందు మన దేశంలోనే ఇల్లు వెతకాలని, తల్లికి మనసు మార్చుకునే గడువు ఉండాలని చెప్పింది. చదువు రాని తల్లికి ఆ సంగతి ఆమె భాషలో చెప్పేవారెవరు?

గొడవ పెద్దదయ్యాక సంస్థల మీద కేసులు పెట్టారు, లైసెన్సులు రద్దు చేశారు, పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. 2001లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేదరికం వల్లనో, సంతానం ఎక్కువైందనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడాన్ని ఒప్పుకోకూడదని దాని సారాంశం. ఒక ప్రభుత్వ కాగితం ఇంత మంచి మాట చెప్పడం అరుదు. కానీ వద్దనడం వేరు, బిడ్డను పెంచుకోవడానికి ఆసరా ఇవ్వడం వేరు. ఒకటి సంతకంతో అయిపోతుంది. రెండోదానికి డబ్బూ మనుషులూ ఓపికా కావాలి.

"వాళ్ళ ఆచారమే అంత" అనే మాట

ఆ రోజుల్లో మన ఇళ్ళలో వినపడిన మాట ఒకటుంది. "లంబాడాల్లో అంతేనండీ, ఆడపిల్ల పుడితే అమ్ముకుంటారు, అది వాళ్ళ ఆచారం" అని. నేనూ విన్నాను, తలూపాను.

అసలు సంగతి దానికి తలకిందులు. లంబాడాల్లో పాత పద్ధతి ఓలి. అంటే మగపెళ్ళివారే పిల్ల ఇంటికి డబ్బో పశువులో ఇచ్చి పిల్లను తెచ్చుకోవాలి. ఆడపిల్ల పుడితే ఇంటికి బరువు కాదు, బలం. ఆడపిల్లల కోసం తొమ్మిది రోజుల పండగ చేసుకునే జాతి, పిల్లను పారేసే జాతి ఎట్లా అవుతుంది?

మరి ఏం జరిగింది? లంబాడాలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ దేశమంతా మోసిన వర్తకులు. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. బ్రిటిష్ వాళ్ళ 1871 నాటి నేరస్థ జాతుల చట్టం వీళ్ళ మీదా పడింది. తండాలు కట్టుకుని భూమి మీద నిలబడితే దొరికినవి రాళ్ళ నేలలు. వాన మీద ఆధారం, పైన అప్పు. వీటన్నిటితో పాటు మన దగ్గర నుంచి ఒక జబ్బు అంటుకుంది. దాని పేరు కట్నం. ఓలి పోయి కట్నం వచ్చింది. నలుగురు ఆడపిల్లలంటే నాలుగు కట్నాలు. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా వంటి వారు తండాలు తిరిగి రాసింది ఈ బాధనే. చందంపేట ప్రాంతంలో రుక్మిణీరావు గారి గ్రామ్య సంస్థ ఏళ్ళ తరబడి ఆడపిల్లల చదువు కోసం పనిచేస్తున్నదీ ఇందుకే.

అంటే, మన దురాచారాన్ని వాళ్ళకిచ్చి, దానివల్ల వచ్చిన ఫలితాన్ని వాళ్ళ ఆచారం అన్నాం.

మన బిడ్డ అయితే ఒక న్యాయమా?

2023లో రాణీ ముఖర్జీ నటించిన 'మిసెస్ ఛటర్జీ వర్సెస్ నార్వే' సినిమా చాలామంది చూసే ఉంటారు. 2011లో నార్వేలో ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి బాలల సంక్షేమ శాఖ తీసుకెళ్ళిపోయింది. చేత్తో అన్నం తినిపించడమూ, పిల్లలను పక్కలో పడుకోబెట్టుకోవడమూ తప్పులుగా చూశారని తల్లిదండ్రులు చెప్పారు. మన దేశం దేశమంతా మండిపడింది. 2012లో పిల్లలు ఇండియాలో బాబాయి దగ్గరికి చేరారు. 2013లో కోర్టు ద్వారా తల్లి చేతికి వచ్చారు. అలాగే 2021లో జర్మనీ అధికారులు తీసుకున్న ఒక గుజరాతీ పాప గురించి మన విదేశాంగ శాఖ మళ్ళీ మళ్ళీ మాట్లాడింది. పాపకు తన భాష, తన మతం, తన సంస్కృతి మధ్య పెరిగే హక్కు ఉందని వాదించింది. న్యాయమైన వాదన. నేనూ ఆ సినిమా చూసి చెంగు తడుపుకున్నాను.

అదే నేను, తండా బిడ్డ విషయం వచ్చేసరికి "ఒక బతుకు ఇచ్చినట్టవుతుంది" అనుకున్నాను. గోర్ బోలి అనే భాష ఉందని, ఆ బిడ్డకు ఒక పాడా, ఒక వంశం పేరు ఉంటుందని, ఒకే వంశంలో పెళ్ళి చేసుకోకూడదన్న కట్టుబాటు ఉందని, ఆ పేరు పోతే తన జనంలో తన చోటే పోతుందని నాకు తట్టనే లేదు. మన పిల్లలకు సంస్కృతి ఉంటుంది, వాళ్ళ పిల్లలకు ఆకలి మాత్రమే ఉంటుంది అనుకోవడమే కదా ఇది!

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. తండాలో అర్ధాకలితో పెరగడం కంటే ఏ అమెరికాలోనో చదువుకుని హాయిగా ఉండటం ఆ బిడ్డకు మేలు కాదా? కాదని కొట్టిపారేయలేను. అలా వెళ్ళి, ప్రేమగా పెరిగి, మంచి స్థితిలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. దత్తత చెడ్డదని నేను అనడం లేదు. నిజంగా ఎవరూ లేని బిడ్డకు ఒక అమ్మ ఒడి దొరకడం కంటే గొప్ప సంగతి లేదు. కానీ ఈ బిడ్డకు అమ్మ ఉంది. లేనిది జొన్నలు. ఇంట్లో జొన్నలు లేకపోతే జొన్నలు ఇవ్వాలి గానీ అమ్మను మార్చేయడం ఏమిటి?

దేశాలు లెంపలేసుకున్న కథ

ఈ పాఠం నేర్చుకోవడానికి కొన్ని పెద్ద దేశాలకు వందేళ్ళు పట్టింది. ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసులైన అబోరిజినల్ ప్రజల పిల్లలను "మంచి పెంపకం" పేరుతో తల్లుల దగ్గరనుంచి లాక్కుని ఆశ్రమాల్లో, తెల్లవారి ఇళ్ళలో పెట్టారు. 1910 నుంచి 1970 వరకు పది మందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా పిల్లలను ఇలా విడదీశారని 1997లో వచ్చిన అక్కడి జాతీయ విచారణ నివేదిక అంచనా వేసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి దేశం తరఫున క్షమాపణ చెప్పారు. కెనడాలోనూ ఇదే కథ. 1950ల నుంచి 80ల దాకా దాదాపు 20 వేల మంది ఆదివాసీ పిల్లలను వేరే ఇళ్ళకు ఇచ్చేశారు.

అమెరికాలో రెడ్ ఇండియన్లని మనం చదువుకున్న ఆదివాసుల పిల్లల్లో నూటికి 25 నుంచి 35 మంది తమ ఇళ్ళకు దూరమయ్యారని తేలాక, 1978లో అక్కడ ఒక చట్టం చేశారు. అందులో ఒక వరుస ఉంది. బిడ్డను తల్లిదండ్రుల దగ్గర ఉంచలేని పరిస్థితి వస్తే మొదట అమ్మమ్మ, బాబాయి, పెద్దమ్మ వంటి బంధువులు. వాళ్ళు లేకపోతే అదే తెగలోని కుటుంబం. అదీ కుదరకపోతే వేరే ఆదివాసీ కుటుంబం. ఆ తర్వాతే బయటివారు. తెగ పెద్దలకు కబురు పెట్టకుండా కేసు ముందుకు పోకూడదు. ఇది సరికాదని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 జూన్‌లో 7–2 మెజారిటీతో ఆ చట్టం నిలబడింది. కెనడాలో 2020 జనవరి నుంచి అమలైన చట్టం ఇంకో అడుగు వేసి, పిల్లల సంక్షేమాన్ని ఆదివాసీ సమాజాలే తమ చేతుల్లోకి తీసుకునే హక్కును గుర్తించింది. 2024లో అక్కడి సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది.

మన చట్టం ఎక్కడుంది?

మన దగ్గరా ఏమీ లేదనను. మన దేశం 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో, బిడ్డను వేరే చోట ఉంచేటప్పుడు ఆ బిడ్డ తెగ, మతం, సంస్కృతి, భాష నేపథ్యాన్ని పట్టించుకోవాలని ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను వదులుకోవాలంటే తల్లిదండ్రులు బాలల సంక్షేమ సమితి ముందుకు రావాలి. ఆ తర్వాత రెండు నెలల్లో మనసు మారితే బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. పిల్లలను అమ్మినా కొన్నా అయిదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బందే ఆ పని చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు. (మా ఆడపడుచు కోసం నేను చేయబోయిన "పుణ్యం" ఎక్కడికి దారితీసేదో చూశారా!) 2022 మార్గదర్శకాల ప్రకారం మిషన్ వాత్సల్య పథకంలో, అర్హత ఉన్న కుటుంబాల పిల్లలకు ఇంట్లోనే పెరగడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

లేనిది ఆ వరుస. బంధువులు, తర్వాత తండా, తర్వాత తెగ అనే మెట్లు మన దత్తత చట్టంలో కనపడవు. తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల్లో అందరికంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నది లంబాడాలే. 2011 లెక్కల్లోనే 20 లక్షలకు పైగా. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. తండాకు సర్పంచ్ ఉంది, కార్యదర్శి ఉన్నాడు, అంగన్‌వాడీ టీచర్ ఉంది. ఒక బిడ్డ తండా దాటి వెళ్ళిపోతుంటే వీళ్ళలో ఒక్కరికైనా కబురు అందే ఏర్పాటు ఉండొద్దా?

ఇంకొకటి, రాసిపెట్టడం. మా కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ కింద ఎవరు పోగొట్టుకున్న పూసో తెలియదు గానీ, ఏ ఊరి మట్టిలో దొరికిందో తెలుసు. మొన్న పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ఆ పూసల ముందు నిలబడి మా ఇంటి గడప మీద కూర్చున్న ఆమెనే తలుచుకున్నాను. పాతికేళ్ళ కింద వెళ్ళిపోయిన బిడ్డ ఏ తండాదో సరిగ్గా రాసిపెట్టిన కాగితం ఎక్కడైనా ఉందా?

దత్తత వెళ్ళిన బిడ్డకు పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కునే వీలును మన నిబంధనలు ఇచ్చాయి. కానీ మూలం గురించి తప్పుగా రాసి ఉంటే, అసలు రాయకపోతే, ఆ వీలు దేనికి పనికొస్తుంది? అందుకే బిడ్డ దస్త్రంలో తల్లి భాష, తండా పేరు, వంశం పేరు రాయడం తప్పనిసరి చేయాలి. తల్లి సంతకం పెట్టే ముందు ఆమె భాషలో, ఆమె పక్షాన, సంస్థకు సంబంధం లేని మనిషి ఒకరు కూర్చుని విడమరచి చెప్పాలి. "ఇక ఈ బిడ్డను నువ్వు చూడలేవు" అన్న ఒక్క వాక్యం ఆ రోజు ఎవరైనా గోర్ బోలిలో చెప్పి ఉంటే ఆ వేలిముద్ర పడేదా?

మన వంతు

ఈ వ్యాపారం పాతబడిన కథ అనుకోవద్దు. 2024 మేలో హైదరాబాద్ శివారు మేడిపల్లిలో రాచకొండ పోలీసులు పట్టుకున్న ముఠా దగ్గర పదిమందికి పైగా పసిపిల్లల జాడ బయటపడింది. ఎక్కడో పేద తల్లుల దగ్గర పుట్టి, మన రాష్ట్రంలో పిల్లలు లేని ఇళ్ళకు చేరిన పిల్లలు. కొనేవాళ్ళుంటేనే కదా అమ్మేవాళ్ళు. ఆ కొనేవాళ్ళు రాక్షసులేమీ కాదు. మా ఆడపడుచు లాంటివాళ్ళు. నాలాంటి వదినలు ఉన్నవాళ్ళు.

కాబట్టి మనం చేయగలిగినవి చిన్నవే అయినా ఉన్నాయి. పనిమనిషినో, నర్సునో, ఆయాలనో "ఎక్కడైనా పిల్ల దొరికితే చెప్పు" అని అడగడం మానేద్దాం. ఆ మాట చేరాల్సిన చోటికి చేరితే ఒక మధ్యవర్తి పుడతాడు. తెలిసిన ఇంట్లో బిడ్డను ఇచ్చేసే పరిస్థితి కనపడితే 1098కి ఫోన్ చేసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఆ నాలుగు వేల సాయం గురించి అడిగేలా తోడు వెళదాం. చదువుకున్న మనకు దరఖాస్తు నింపడం అరగంట పని. దత్తత తీసుకున్న తల్లులు, బిడ్డతో వచ్చిన ప్రతి కాగితాన్నీ బంగారంలా దాచండి. నిజం చెప్పి పెంచండి. బిడ్డ తన మూలం తెలుసుకుంటే మీ ప్రేమ తరిగిపోదు.

మా ఆడపడుచుకు ఈ కథంతా ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే వదినా, వరుసలోనే ఉంటాం" అంది. ఆ గొంతులోని బాధ నాకు తెలుసు. ఆమెకు అన్యాయం చేశానేమోనన్న దిగులు నాకు ఇంకా ఉంది. కానీ ఒక ఆడదాని ఒడి నింపడానికి ఇంకో ఆడదాని ఒడి ఖాళీ చేయడం న్యాయం కాదని ఆమెకూ తెలుసు.

మా ఇంటికి వచ్చే ఆమె మొన్న నా సెల్‌ఫోన్ వైపు చూస్తూ అడిగింది. "గిండ్ల అన్నీ దొరుకుతయంటరు గదమ్మా. మా చెల్లె దొరుకుతదా?"

ఏ పేరు పెట్టి వెతకను?